పాసంగం

బొగ్గు తేలిక. ముప్పై ఏడేళ్లు బొగ్గుతో బతికినవాడికి ఈ సంగతి అరవై రెండో ఏట, అదీ చెరువులో తెలిసిందంటే ఎవరైనా నవ్వుతారు. మా ఇంటావిడ ఇప్పటికీ నవ్వుతోంది.

1983లో గోదావరిఖనిలో బాయి పనికి చేరాను. గని అనే మాట పేపర్లలో చదవడమే, మా నోట అది బాయే. మొదటి ఏళ్లన్నీ తట్టా చెమ్మస్. మందు పెట్టి పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి టబ్బులో పోయడం. తర్వాత ఎస్‌డీఎల్ వచ్చింది. గొలుసుల మీద పాకే యంత్రం, ముందు బకెట్. బొగ్గు కుప్పలో తల దూర్చి నింపుకొని, వెనక్కి వచ్చి, బకెట్‌ను పక్కకు వంచి చైన్ కన్వేయర్ మీద గుమ్మరిస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా దాని మీద ఆపరేటర్‌గా కూర్చున్నాను. 1920 డిసెంబర్ 23న పుట్టిన సింగరేణి కంపెనీకి నూరేళ్లు నిండిన సంవత్సరమే నాకు అరవై నిండాయి. కంపెనీ నడుస్తూనే ఉంది. నేను మాత్రం క్వార్టర్ తాళాలు అప్పజెప్పి, మంథని పోయే తొవ్వలో ఉన్న మా ఊరికి చేరాను.

దిగిపోయినప్పుడు వచ్చిన డబ్బులో కొంత పెట్టి మినీ ట్రాక్టర్ కొన్నాను. ఊళ్లో అందరికీ పెద్ద ట్రాక్టర్లున్నాయి, నాకు చిన్నది చాలనుకున్నాను. చాలలేదు. దానికి ముందు బకెట్ కూడా కావాలన్నాను. అవసరం కన్నా ఆశే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటాను. లివర్ లాగితే బకెట్ లేవడం, వంచితే గుమ్మరించడం, ఆ చేతివాటం పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. బర్లకొట్టంలో పెంట ఎత్తాను, ఇసుక ఎత్తాను, పక్కింటివాళ్ల ఇటుక ముక్కలు ఎత్తాను. అడిగినవాడికీ అడగనివాడికీ ఎత్తాను. బండితో వచ్చిన పుస్తకంలో వెనక బరువు కట్టకుండా లోడర్ వాడవద్దని బొమ్మ వేసి మరీ రాసి ఉంది. ఆ పుస్తకం బీరువా మీద భద్రంగా ఉండేది.

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి మా వైపు రైతుకు చెరువు పూడిక మట్టి మీద మోజు పెరిగింది. 2022 మే నెలలో మా చెరువు అడుగంటితే నేనూ బయలుదేరాను. పై పొర ఎండి నెర్రెలు బారింది, జానెడు కింద మట్టి ఇంకా జిగటగా ఉంది. నా బకెట్ 200 లీటర్లు పడుతుంది, అంటే ఒక డ్రమ్ము. విడి బొగ్గయితే అంత బకెట్‌లో 170, 180 కిలోలుంటుంది. తడి పూడిక మట్టి అదే బకెట్‌లో 340 దాకా తూగుతుంది. బకెట్ నిండుగా కనబడితే ఇంత బరువని నా కన్ను చెప్పే లెక్క ఇరవై ఏళ్లు బొగ్గు మీద కుదురుకున్న లెక్క. చెరువులో అది సగానికి సగం తప్పు చెప్పింది.

పొద్దున్నుంచే బండి చెబుతూనే ఉంది. నిండు బకెట్‌తో రివర్స్ చేస్తే వెనక చక్రాలు ఒకచోటే గిరగిరా తిరిగాయి. బ్రేక్ తొక్కితే టైరు నిలిచింది, బండి మాత్రం కొంచెం జారి ఆగింది. మట్టి జిగట అనుకున్నాను.

మన ఊళ్లలో ట్రాక్టర్ గురించిన భయమంతా ఒకే దిక్కున ఉంటుంది. మూతి లేస్తుందని. పత్తి నింపిన ట్రాలీతో గడ్డ ఎక్కుతుంటేనో, దమ్ము చేసేటప్పుడు కేజీ వీల్స్ బురదలో కూరుకుపోతేనో ముందు చక్రాలు గాలిలోకి లేచి, బండి వెనక్కి పడి ఎంతమంది పోయారో ప్రతి ఊరికీ ఒక లెక్క ఉంది. అందుకే ముందు బంపర్‌కు ఇనుప దిమ్మలు తగిలిస్తారు. అవి లేకపోతే ఇద్దరు మనుషులను బానెట్ మీద ఎక్కిస్తారు. తోక లేస్తుందన్న ఊహ ఎవరికీ రాదు, బకెట్ ఉన్న బండ్లు ఊళ్లోకి వచ్చి ఎన్నాళ్లయిందని? తోక తేలిపోతోందని నాకు అర్థమయ్యాక కూడా చేతికందినది పాత వైద్యమే. దిక్కు మార్చానంతే. మేనల్లుడిని పిలిచి, "ఎనుక ఎక్కి నిలబడురా" అన్నాను. వాడు కల్టివేటర్ తగిలించే కడ్డీల మీద చెరో కాలు వేసి, మడ్‌గార్డ్ పట్టుకొని నిలబడ్డాడు. చక్రాలు తిరగడం ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పదో బకెట్టో పదకొండోదో. ట్రాలీలో పోయడానికి బకెట్ తల మీదికి ఎత్తి, ఎత్తిన బకెట్‌తోనే బండి తిప్పాను. ఎడమ ముందు చక్రం పాత గుంతలో దిగింది. కుడి వెనక చక్రం నెమ్మదిగా, చప్పుడు లేకుండా నేల విడిచింది. కాళ్ల కింద కడ్డీ లేస్తుంటే ఎవరైనా ఏం చేస్తారు? వాడూ దూకాడు. వాడు దూకగానే బండి ఇంకా లేచింది. నేను ఏం ఆలోచించానో చెప్పలేను. చెయ్యి తనంతట తాను లివర్ తోసింది, బకెట్ నేల మీద దబ్బున కూలింది, తోక వచ్చి నేలకు కొట్టుకుంది. కింద పడ్డ పిల్లవాడి పాదానికీ దిగిన కడ్డీకీ మధ్య జానెడు. మోకాలి కింద తోలు లేచింది. అంతే.

ఇంజన్ ఆపాక చెరువంతా నిశ్శబ్దంగా ఉంది. వాడు కూర్చున్నచోటి నుంచే అడిగాడు.

"మామా, బాయిల గూడ గిట్లనే చేసేటోనివా?"

నేను జవాబు చెప్పలేదు. మట్టి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాం.

బాయిలో అలా చేయలేదు, చేయనియ్యరు. నడిచే యంత్రం మీద ఆపరేటర్ తప్ప ఇంకొకరు ఎక్కితే సర్దార్ ఊరుకోడు, ఓవర్‌మన్ ఊరుకోడు, పై నుంచి చార్జ్‌షీట్ వస్తుంది. చేరిన కొత్తలో వీటీసీ శిక్షణ కేంద్రంలో కూర్చోబెట్టి చెప్పారు, కొన్నేళ్లకోసారి పిలిచి మళ్లీ చెప్పారు. ఏటా రక్షణ పక్షోత్సవాల్లో చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను. ఒక ఏడు బహుమతిగా స్టీలు క్యాన్ కూడా వచ్చింది, ఇప్పుడు అందులో పాలు పోస్తున్నాం. 1952 గనుల చట్టం, దాని కింద బొగ్గు గనుల నిబంధనలు, 2017లో వాటిని తిరగరాయడం, గనుల భద్రత చూసే, ధన్‌బాద్ నుంచి నడిచే డీజీఎంఎస్, తనిఖీకి వచ్చే అధికారులు. ఇంత కాగితం నా ఒక్కడి ఒంటి చుట్టూ ఉండేది. అదంతా నాలోకి దిగిందనుకున్నాను. దిగలేదు. హెల్మెట్టూ క్యాప్ ల్యాంపూ అప్పజెప్పిన రోజే అదీ అప్పజెప్పి వచ్చినట్టున్నాను. చెరువులో సర్దార్ లేడు. అక్కడ సర్దార్ కావలసింది నేనే, ఆ పిల్లవాడిని ఎక్కించిందీ నేనే.

రాత్రి వాడి కాలికి పసుపు పెడుతూ మా ఇంటావిడ సంగతంతా విన్నది. ఆమె చిన్నప్పుడు కావడితో నీళ్లు మోసిన మనిషి. "కావడికి ఒక్క దిక్కే కుండ కట్టుకొని పోతరా ఎవలన్న? ఇంకో దిక్కు రాయన్న కడ్తరు. ముప్పై ఏండ్లు మిషిన్ల మీద కూసున్నవ్, గింత తెల్వదా?" అంది.

మర్నాడు బండిని ఖని వైపు వేబ్రిడ్జికి తోలుకుపోయాను. బొగ్గు లారీలు తూచే కాంటా అది. కాంటా దగ్గరి పిల్లవాడు నా బండిని చూసి, "కాకా, మా కాంటకు గిది చీమ లెక్క" అన్నాడు. అయినా ఓపికగా తూచాడు. వెనక చక్రాలు మాత్రమే పలక మీద ఉండేలా నిలబెట్టి, నేను సీట్లో కూర్చుంటే, ఖాళీ బకెట్‌తో 410 కిలోలు. అక్కడే ఉన్న తడి మట్టితో బకెట్ నింపి తూచితే 140.

నూట నలభై! అందులో నేనే డెబ్బై. రెండు చక్రాల కింద, నన్ను తీసేస్తే, ఒక గోనెబస్తా వడ్ల బరువు మిగిలింది. బండికి ఉన్న బ్రేకులు ఆ రెండు చక్రాలకే. ఫోర్‌వీల్ లివర్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా ఆపడానికి సాయం పట్టేవి. టైర్లు అరుగుతాయని దాన్ని వేసేవాణ్ని కాదు.

లెక్క కష్టమైనదేం కాదు, త్రాసు లెక్కే. ముందు ఇరుసు త్రాసు ముల్లు. నా బండికి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు మీటరున్నర. బకెట్ బరువు ముందు ఇరుసుకు ఇంకా 1.2 మీటర్లు ముందుకు వేలాడుతుంది. 340ని 1.2తో గుణించి 1.5తో భాగిస్తే 272. అంత బరువు వెనక నుంచి పోతుంది. పోయి ఎక్కడికీ పోదు, మట్టి బరువు 340తో కలిసి ముందు ఇరుసు మీద పడుతుంది. ముందు ఇరుసు మీద అదనంగా 612 కిలోలు! మట్టి మోస్తున్నాననుకున్నాను, నా బండి తన తోకను కూడా మోస్తోంది.

ఇంకో సంగతి కాంటా మీద కనబడదు. ట్రాక్టర్‌కు నాలుగు చక్రాలున్నా అది మూడు కాళ్ల పీట. గతుకుల్లో అన్ని చక్రాలూ నేలకు ఆనాలని ముందు ఇరుసును నడిమధ్య ఒక్క పిన్ను మీద ఊగేలా బిగిస్తారు. కాబట్టి పక్కకు ఒరగకుండా ఆపేవి వెనక రెండు చక్రాలే, ముందున్నది ఆ ఒక్క పిన్ను. బరువు వెనక ఉన్నంతసేపు మనం పీట వెడల్పు వైపు కూర్చున్నట్టు. బకెట్ నిండితే కొస వైపుకు జరిగినట్టు. ఆ బకెట్‌ను తల మీదికి ఎత్తి తిప్పితే కొస మీద నిలబడి గంతేసినట్టు. నేను చేసింది ఆ గంతే.

మేనల్లుడి లెక్క కూడా వేశాను, వేయకుండా ఉండలేకపోయాను. వాడు 65 కిలోలు. వెనక ఇరుసుకు బెత్తెడు తక్కువ మీటరు దూరంలో నిలబడ్డాడు, అంటే వెనక చక్రాల మీద దాదాపు 105 కిలోల పని చేశాడు. బాగానే ఉంది. కానీ తోక లేవగానే దూకాడు, బరువు అత్యవసరమైన ఆ క్షణంలోనే 105 కిలోలూ ఒక్కసారి మాయమయ్యాయి. దూకకపోతే వాడికి ప్రమాదం, దూకితే నాకు. మనిషిని దిమ్మగా వాడినవాడికి ఈ రెండే మిగులుతాయి. బానెట్ మీద మనుషులను కూర్చోబెట్టే ఊరిలో పుట్టాను కనుక అది తప్పుగా తోచలేదనడం సాకు. వాడు నా చెల్లెలి కొడుకు.

వేబ్రిడ్జి నుంచి వస్తూ రోడ్డు పక్కన ఒక జేసీబీ ఆగి ఉంటే దిగి దాని చుట్టూ తిరిగాను. ముందు అంత పెద్ద బకెట్‌కు వెనక తవ్వే చెయ్యే పాసంగం. ఓపెన్‌కాస్టులో మట్టి ఎత్తే షావెల్‌కు తోక భాగంలో ఇనుప దిమ్మ. గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ వీపు అంత లావుగా ఉండేది అందుకే. ఇవన్నీ మా ఖనిలో రోజూ చూసేవే. మరి నా ఎస్‌డీఎల్? మోటారు, పంపు, ఆయిల్ ట్యాంకు, కరెంటు పెట్టె అన్నీ వెనకే. అక్కడ జాగా ఉంది కాబట్టి పెట్టారనుకునేవాణ్ని. తోక బరువని తిట్టుకునేవాణ్ని, మలుపుల్లో గోడకు తగులుతుందని. నన్ను ఇరవై ఏళ్లు నేలకు ఆనించి ఉంచింది ఆ తోక. ఎవరో ఎక్కడో డ్రాయింగు బల్ల మీద కూర్చుని నా కోసం ఆ లెక్క వేసి పెట్టారు. నేను దాన్ని నా పనితనం అనుకున్నాను.

పాసంగం అన్నాను. పాత కిరాణా కొట్లో తరాజు ఒకవైపు మొగ్గితే రెండో తట్టలో చింతగింజో ఇనుప ముక్కో వేసి సరిచేసేవాళ్లు, ఆ ముక్కే పాసంగం. అమ్మేదీ కాదు, కొనేదీ కాదు. బ్యాలస్ట్ అని పుస్తకంలో ఉంది. వెల్డింగ్ షాపులో "ఎనుక బరువు" అంటే చాలు, అర్థమైపోతుంది.

ఆ బరువు దేనితో చేయాలన్నది వారం రోజుల చర్చ అయింది. రామగుండం ఎన్టీపీసీ బూడిద ఊరికే వస్తుంది, డబ్బాలో కొట్టించమన్నాడు పక్కింటి తమ్ముడు. 2600 మెగావాట్ల కేంద్రం పక్కన బతికేవాళ్లకు ప్రతి సమస్యకూ బూడిదే మందు. పొడి బూడిద బరువులో నీళ్లకు అటూ ఇటూగా ఉంటుంది, కాంక్రీట్ దానికి రెండింతల పైన. రోటవేటర్ ఎప్పుడూ తగిలించి ఉంచితే సరి అన్నారు ఇంకొకరు. అది మంచి మాటే, పొలంలో నేను ఇప్పుడు అదే చేస్తాను. బర్లకొట్టంలో మాత్రం దాని వెడల్పుతో తిరగలేం. టైర్లలో నీళ్లు నింపమని పంక్చర్ షాపతను చెప్పాడు. తర్వాత నింపించాను. వాల్వ్ పైకి వచ్చేలా చక్రం తిప్పి, ఆ మట్టం దాకా నీళ్లు, పైన గాలి. చలిదేశాల్లో గడ్డకట్టకుండా అందులో ఉప్పు కలుపుతారట. మే నెల రామగుండంలో ఆ బెంగ లేదు. ఇలా వెనక నూరు కిలోల దాకా పెరిగాయి. అయితే టైరులోని నీళ్లు వెనక ఇరుసు కిందే ఉంటాయి. వెనకను నొక్కుతాయి కానీ ముందు ఇరుసు మీది భారం ఒక్క కిలో కూడా తీయవు. అది తీయాలంటే బరువు వెనక ఇరుసును దాటి, ఇంకా వెనక వేలాడాలి.

చివరికి డ్రమ్మును సగానికి కోయించాను. వెల్డింగ్ అబ్బాయి డబ్బా రేకుకే పిన్నులు అతికిస్తానన్నాడు. వద్దన్నాను. రేకు తుప్పు పడితే దిమ్మ ఏదో ఒకరోజు దారిలో రాలిపోతుంది. లావుపాటి రాడ్డును డబ్బాకు అడ్డంగా ఇటు నుంచి అటు పంపి, నడుమ పలక అతికించి, దాని చుట్టూ కాంక్రీట్ పోయించాను. రెండు కొసలూ కింది కడ్డీలకు, పైన ఒక చెవి టాప్ లింకుకు. పదిహేను రోజులు గోనెసంచి కప్పి నీళ్లు చల్లాం. అంచుకు కొంచెం తక్కువగా నింపితే ఇనుముతో కలిపి 250 తూగింది. నిండు డ్రమ్మయితే ఇంకా మంచిది కదా అని అడిగేవాళ్లున్నారు. అది 480 దాటుతుంది, చిన్న బండి వెన్ను అంత మోయదు. బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు మూతి తేలుతుంది, కట్ట ఎక్కుతుంటే స్టీరింగ్ చేతిలో గాలిలా తిరుగుతుంది. అప్పుడు ఊళ్లో పాత భయమే నిజమవుతుంది. ఎంత కట్టవచ్చో బండి పుస్తకంలో ఉంటుంది.

250 కిలోల దిమ్మను వెనక ఇరుసుకు 0.9 మీటరు వెనక తగిలించి మళ్లీ కాంటాకు పోయాను. టైర్ల నీళ్లు అప్పటికింకా పోయించలేదు, దిమ్మ ఒక్కటే ఏం చేస్తుందో చూడాలనుకున్నాను. అదే మట్టి, అదే బకెట్, 540 చూపింది. 250 పెడితే 400 పెరిగాయి. ఆ ఎక్కువ 150 ముందు ఇరుసు మీద నుంచి వచ్చినవి. కాంటా పిల్లవాడు మాత్రం ఈసారి చీమ అనలేదు.

నడపడం కూడా మారింది, మారక తప్పదు. దిమ్మ ఉంది కదా అని బకెట్ ఎత్తి తిరిగితే మళ్లీ అదే కథ. నిండు బకెట్ మోకాలి ఎత్తు దాటనివ్వను, గుమ్మరించే చోటికి చేరాకే పైకి. కట్ట దిగేటప్పుడు నిండు బకెట్‌తో ముందుకు దిగను, వెనక్కి దిగుతాను, బరువు గడ్డ వైపే ఉండాలి. ఫోర్‌వీల్ వేసే దిగుతాను. టైర్లు అరగనీ. దొర్లినా మనిషిని నలగనీయని ఇనుప చట్రం కొత్త ట్రాక్టర్లకు ఉండి తీరాలని స్వీడన్ 1959లోనే చట్టం చేసింది. నా బండికి అది లేదు. అదే వెల్డింగ్ అబ్బాయి పైపుతో చేసిస్తానన్నాడు కానీ పరీక్షకు నిలవని చట్రం పందిరికే పనికొస్తుంది. దాని కోసం ఇంకా తిరుగుతున్నాను. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ట్రాక్టర్లను పరీక్షించి, రైతులకు శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ ఉంది. ఒకసారి పోయి రావాలని మేనల్లుడూ నేనూ అనుకుంటున్నాం. వాడు బండి నేర్చుకుంటున్నాడు. చెరువు కట్ట మీద నాకన్నా నెమ్మదిగా తోలుతాడు.

ఒక సంగతి మరిచాను. దిమ్మ చేసిన కొత్తలో దాని పైభాగం చదునుగా, పీటలా ఉండేది. కొట్టం దగ్గర నిలబడ్డ ట్రాక్టర్‌ను ఒకరోజు పొద్దున స్టార్ట్ చేసి రెండు గజాలు కదిపి వెనక్కి చూస్తే, పక్కింటి పిల్లలు ఇద్దరు దాని మీద దర్జాగా కూర్చుని ఉన్నారు. ఆపి దింపాను. అదే సాయంత్రం సిమెంటు కలిపి, ఎవరూ కూర్చోలేకుండా దాని మీద కోసుగా కుప్ప పోశాను. ఆ కుప్ప ఇంకో పన్నెండు కిలోలు.